చదునైన, వెడల్పైన పాదాలకు యుద్ధకళల బూట్లు: సైజు కన్నా ముందు చూడవలసినవి

డుమస్ (సూరత్): తపతీ నది అరేబియా సముద్రంలో కలిసే చోటికి దక్షిణపు ఒడ్డున ఉన్న డుమస్‌కు రెండు విషయాలలో పేరుంది. ఒకటి నల్లని ఇసుక, రెండవది వేడివేడి టమాటా భజ్జీలు. భజ్జీల సంగతి ఈ వ్యాసానికి అప్రస్తుతం. ఇసుక మాత్రం ప్రస్తుతమే. సముద్రం వెనక్కి తగ్గి, తడిసి గట్టిపడిన నేల బయటపడినప్పుడు దానిపై నడిచిన ప్రతివారి పాదం ఒక ముద్రను విడిచి వెళుతుంది. కొందరి ముద్రలో మడమకూ వేళ్ళ మొదళ్ళకూ నడుమ లోపలి అంచున ఖాళీ కనిపిస్తుంది. మరికొందరి ముద్ర ఇటుక అచ్చులా నిండుగా ఉంటుంది. ఈ రెండవ తరగతి పాదం కలవారు కరాటే, తైక్వాండో, వూషు, కుస్తీ వంటి విద్యలలో చేరి బూట్లు కొనబోయినప్పుడు ఎదురయ్యే చిక్కులు సామాన్యమైనవి కావు.

సూరత్ మరమగ్గాల పరిశ్రమను నమ్ముకొని తెలంగాణ నుంచి తరలివచ్చిన కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, లింబాయత్ తదితర ప్రాంతాలలో తరాలుగా స్థిరపడి ఉన్నారు. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమానికి సైతం చోటు ఉన్నదంటే వారి సంఖ్యను ఊహించవచ్చు. ఇటువంటి ఇళ్ళలో పిల్లవాడిని యుద్ధకళల శిక్షణకు పంపడం వెనుక తరచుగా ఒక ఆశ ఉంటుంది: సైన్యంలోనో పోలీసుశాఖలోనో ఉద్యోగం. ఆ రెండు నియామకాల వైద్యపరీక్షల్లోనూ చదునుపాదం ప్రస్తావన ఉంది. కనుక తగని బూటు కొనడం వల్ల పోయేది డబ్బు మాత్రమే కాదు. నొప్పితో శిక్షణ మానుకోవడం, పాదం చదునుగా ఉన్నది కనుక ఉద్యోగం రాదని పరీక్షకు ముందే నిరాశపడటం, బజారులో దొరికే ‘పాదం సరిచేసే’ సాధనాల వెంట పరుగెత్తడం ఇవన్నీ ఆ నష్టంలో భాగమే.

చదును వేరు, వెడల్పు వేరు

దుకాణాలలో ఈ రెంటినీ కలిపి మాట్లాడటం పరిపాటి. నిజానికి ఇవి రెండు వేర్వేరు లక్షణాలు. మానవ పాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు ఉన్నాయి. లోపలి అంచు వెంబడి మడమ నుంచి బొటనవేలి మొదలు దాకా ఆ ఎముకలు ఒక కమానుగా అమరి ఉంటాయి. అరికాలి అడుగున ఉన్న దళసరి పొర, ఎముకలను కలిపే బంధనాలు, పిక్క లోపలి భాగం నుంచి దిగివచ్చే టిబియాలిస్ పోస్టీరియర్ అనే కండరపు స్నాయువు ఈ కమానును నిలిపి ఉంచుతాయి. బరువు పడగానే కమాను నేలను తాకేంతగా దిగిపోతే అది చదునుపాదం. వెడల్పు అనేది వేళ్ళ మొదళ్ళ వద్ద అడ్డంగా కొలిచే సంగతి. కమాను ఎత్తుగా ఉండి పాదం వెడల్పుగా ఉన్నవారున్నారు, చదునుగా ఉండి సన్నగా ఉన్నవారూ ఉన్నారు. రెండూ కలిసిన పాదానికి బూటు దొరకడమే కష్టం. ఎందుకంటే చదునుపాదం నిలబడినప్పుడు కొంత సాగుతుంది, లోపలి వైపుకు ఒరుగుతుంది, ఆ మేరకు మరింత స్థలం అడుగుతుంది. కూర్చొని తొడిగి చూసి బాగుందనుకున్న బూటు తొలి తన్నుకే బిగిసిపోవడానికి ఇదే కారణం.

పసిపిల్లల పాదాలు దాదాపు అన్నీ చదునుగానే కనిపిస్తాయి. కమాను స్థానంలో కొవ్వు మెత్త ఉండటం, కీళ్ళు వదులుగా ఉండటం అందుకు హేతువులు. తొలి పదేళ్ళలో కమాను క్రమంగా రూపుదిద్దుకుంటుంది. నాలుగైదేళ్ళ పిల్లవాడి పాదముద్ర చూసి కంగారుపడి ప్రత్యేక బూట్లకు పరుగెత్తవలసిన పనిలేదు.

పరీక్ష ఇంట్లోనే సాధ్యం. పాదాన్ని నీటిలో ముంచి, పొడి గచ్చుపైనో పాత వార్తాపత్రికపైనో మోపి, మామూలుగా బరువు వేసి నిలబడి, ముద్రను పరిశీలించాలి. ఇసుకపై చూసుకొని నిర్ణయానికి రావద్దు. పొడి ఇసుక, మెత్తని ఇసుక పాదంతో పాటు లోనికి కుంగి కమాను కింది ఖాళీని కూడా నింపివేస్తాయి కనుక మంచి కమాను ఉన్న పాదం సైతం అక్కడ చదునుగా అగుపిస్తుంది. సముద్రపు ఒడ్డున కనిపించేది సూచన మాత్రమే.

ముద్రకన్నా ముఖ్యమైన పరీక్ష మరొకటి ఉంది. మునివేళ్ళపై లేచి నిలబడినప్పుడు వెనుక నుంచి ఒకరు చూడాలి. కమాను తిరిగి ఏర్పడి, మడమ కొద్దిగా లోపలికి తిరిగితే అది మెతక చదునుపాదం, అంటే వంగే గుణం ఉన్నది. లేచినా కమాను రాకపోతే, పాదం పక్కలకు కదలకుండా బిగుసుకొని ఉంటే అది బిగుసు చదునుపాదం. మెతకపాదం చాలా మందిలో ఏ ఇబ్బందీ కలిగించని సహజ వైవిధ్యం. బిగుసుపాదం వెనుక మడమ ప్రాంతపు ఎముకలు పుట్టుకతో అతుక్కొని ఉండటం వంటి కారణాలు ఉండవచ్చు. అటువంటివారు, ఒక్క పాదమే చదునైనవారు, పెద్దయ్యాక కొత్తగా కమాను దిగినవారు, లోపలి చీలమండ వెనుక నొప్పి, వాపు ఉన్నవారు బూట్ల అంగడికి ముందు ఎముకల వైద్యుని వద్దకు వెళ్ళాలి. మధుమేహం ఉన్నవారికి ఇది మరీ అవసరం. మగ్గం ముందు గంటల తరబడి నిలబడే పెద్దలు పిల్లల కోసం వచ్చినప్పుడు తమ పాదాలనూ ఒకసారి చూసుకోవడం మంచిది.

భారతీయ పాదం, విదేశీ అచ్చు

బూటును ఒక అచ్చుపై తయారుచేస్తారు. పరిశ్రమలో దానిని లాస్ట్ అంటారు. అచ్చు ఎవరి పాదాన్ని పోలి ఉంటే బూటు వారికే సరిపోతుంది. మనదేశంలో ఇంతకాలం వాడుకలో ఉన్నవి బ్రిటిష్, ఐరోపా, అమెరికా కొలతలు. చెన్నైలోని కేంద్రీయ తోళ్ళ పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు 79 ప్రాంతాలలో లక్షమందికి పైగా ప్రజల పాదాలను త్రీడీ స్కానింగు యంత్రాలతో కొలిచింది. భారతీయుల పాదాలు సగటున పాశ్చాత్యుల పాదాలకన్నా వెడల్పైనవని ఆ సర్వేలో తేలింది. దానిని ఆధారం చేసుకొని ‘భ’ అనే పేరుతో స్వదేశీ కొలతల విధానాన్ని ప్రతిపాదించారు. భారత్ అనే మాటలోని తొలి అక్షరమే ఆ పేరు. వెడల్పు పాదం కలవారు తమ పాదంలోనే లోపం ఉన్నదని భావించడం మానడానికి ఈ ఒక్క వాస్తవం చాలు. చాలా సందర్భాలలో ఇరుకైనది అచ్చు.

చదును విషయంలోనూ మనదేశంలోనే జరిగిన ఒక అధ్యయనం ప్రపంచవ్యాప్తంగా ఉటంకింపబడుతోంది. కర్ణాటకలోని మణిపాల్ కస్తూర్బా వైద్య కళాశాలకు చెందిన యు.బి. రావు, బెంజమిన్ జోసెఫ్ 4 నుంచి 13 ఏళ్ళ వయసుగల 2,300 మంది పిల్లల పాదముద్రలను పరిశీలించి 1992లో ఫలితాలు ప్రకటించారు. పాదరక్షలు ధరించే పిల్లల్లో 8.6 శాతం మందికి, ధరించని వారిలో 2.8 శాతం మందికి చదునుపాదాలు కనిపించాయి. ధరించేవారిలోనూ ముందు భాగం మూసి ఉన్న బూట్లు వాడేవారిలో ఇది ఎక్కువ, చెప్పులు వాడేవారిలో తక్కువ. బూటే చదునుకు కారణమని దీనితో రుజువైనదని చెప్పలేము గాని, చిన్న వయసులో బిగుతైన మూసిన బూట్లు కమానుకు మేలు చేయవన్న అభిప్రాయానికి ఇది బలమైన ఆధారం.

ఏ విద్యకు బూటు కావాలి?

కొనడానికి ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. కరాటే, జూడో, కలరిపయట్టు వట్టికాళ్ళ విద్యలు. మన పల్లెల కర్రసాము సైతం నేల స్పర్శతో నేర్చుకున్నదే. వీటికి చాపలపై బూట్ల అవసరం లేదు, చాలా శిక్షణశాలల్లో అనుమతీ ఉండదు. తైక్వాండోలో ఎలక్ట్రానిక్ పద్ధతిలో పాయింట్లు లెక్కించే పోటీలకు సెన్సర్లు అమర్చిన మేజోళ్ళు తొడుగుతారు. బూట్లు సాధనకే, అదీ గచ్చుపైనో బయటి నేలపైనో. వూషులో చేతికర్ర, ఖడ్గం, గెంతులతో కూడిన తావొలూ విభాగానికి పలుచని బూట్లు వాడతారు, ప్రత్యర్థితో తలపడే సాండాకు వట్టికాళ్ళే. కుస్తీకి, బాక్సింగుకు బూట్లు తప్పనిసరి. కుస్తీ బూటు చీలమండను గట్టిగా పట్టి ఉంచాలని, ఎత్తు మడమ, మేకులు, లోహపు బకిల్స్ ఉండరాదని అంతర్జాతీయ నియమాలు చెబుతున్నాయి.

కనుక కరాటే నేర్చుకొనే పదేళ్ళ బాలుడికి ఖరీదైన బూటు కొనకపోవడం పిసినారితనం కాదు.

అవసరమున్న చోట పరుగు బూట్లతో సరిపెట్టుకోవడం సర్వసాధారణం. అది తగదు. పరుగు బూటులో మడమ కింద ఎత్తైన మెత్త ఉంటుంది, సోలు పక్కలకు విచ్చుకొని ఉంటుంది. అవి ముందుకు సాగే కదలికకు ఉద్దేశించినవి. పక్కకు జరిగి, ఒక కాలిపై నిలిచి, రెండవ కాలిని ఎత్తి తిప్పే సందర్భంలో ఆ ఎత్తు చీలమండను మెలితిప్పే సాధనమవుతుంది. లోపలికి ఒరిగే స్వభావమున్న చదునుపాదానికి మెత్తని మడమ ఇంకా ప్రమాదం. గుండ్రపు తన్నులో నిలిచిన పాదం నేలపై గిరుక్కున తిరగాలి. సోలు నేలను మరీ గట్టిగా పట్టుకుంటే ఆ తిరుగుడు భారమంతా మోకాలి మీద పడుతుంది. అందుకే మంచి యుద్ధకళల బూట్లలో వేళ్ళ మొదళ్ళ కింద సోలుపై వలయాకారపు నునుపైన భాగం ఉంటుంది.

ఒక సైజు పెంచితే సరిపోదా?

వెడల్పు చాలనప్పుడు పెద్ద సైజు తీసుకోమన్నది అంగళ్ళలో అందరికీ లభించే ఉచిత సలహా. లెక్క వేసి చూస్తే అందులోని లోపం తెలుస్తుంది. బ్రిటిష్ కొలతల్లో ఒక సైజు పెరిగితే పొడవు అంగుళంలో మూడవ వంతు, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. వేళ్ళ మొదళ్ళ చుట్టుకొలత అంగుళంలో నాలుగవ వంతు, అంటే 6.35 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. పాదానికి చుట్టుకొలతలో ఒక సెంటీమీటరు అధికంగా కావలసి వచ్చిందనుకుందాం. ఒకటిన్నర సైజుకు పైగా పెంచాలి. అప్పుడు పొడవు 13 మిల్లీమీటర్ల దాకా అనవసరంగా పెరుగుతుంది. బూటు వంగవలసిన చోటు, పాదం వంగే చోటు వేరవుతాయి. వేళ్ళ ముందు ఖాళీ మిగులుతుంది. పాదం తిరిగిన క్షణంలో బూటు తిరగదు, అర క్షణం తరువాత తిరుగుతుంది. నడకలో ఇది చికాకు మాత్రమే, తన్నులో పడిపోవడానికి కారణం.

కాబట్టి పొడవు కాక వెడల్పు సంకేతం చూడాలి. అమెరికా పద్ధతిలో పురుషుల బూటుకు డి అంటే సాధారణం, 2ఇ అంటే వెడల్పు, 4ఇ అంటే మిక్కిలి వెడల్పు. యుద్ధకళల బూట్లలో ఈ విభజన ఇచ్చే కంపెనీలు తక్కువే. వారు ఇవ్వనప్పుడు తయారీదారు ప్రకటించిన పొడవు, వెడల్పు మిల్లీమీటర్లను అడగాలి. కొరియా బూట్లపై 250, 260 అని ఉండే అంకెలు మిల్లీమీటర్లలో పాదం పొడవును తెలుపుతాయి. సైజు అంకెలన్నింటిలో కొనేవారికి సులభంగా అర్థమయ్యేది, ఇంటి స్కేలుతో సరిచూసుకోగలిగేది ఇదొక్కటే.

కొలత తీసే పద్ధతి ఇది. సాయంత్రం పూట, అంటే రోజంతా తిరిగి పాదం కొంత ఉబ్బిన తరువాత, శిక్షణలో వేసుకొనే మేజోడు తొడుక్కొని, గోడకు మడమ ఆనించి కాగితంపై నిలబడాలి. రెండవ వ్యక్తి పెన్సిలును నిటారుగా పట్టుకొని చుట్టూ గీత గీయాలి. పెన్సిలు లోపలికి వాలితే కొలత తగ్గిపోతుంది. పొడవైన వేలి కొస దాకా పొడవు, బొటనవేలి మొదలు ఉబ్బెత్తు నుంచి చిటికెనవేలి మొదలు ఉబ్బెత్తు దాకా అడ్డుకొలత, దర్జీ టేపుతో అదే చోట చుట్టుకొలత రాసుకోవాలి. రెండు పాదాలూ కొలవాలి. కొద్దిపాటి తేడా ఉండటం సహజం, పెద్దదానికే కొనాలి. వేళ్ళ ముందు అయిదారు మిల్లీమీటర్ల ఖాళీ చాలు. ఎదిగే పిల్లలకు ఇంకొంచెం ఉండవచ్చు గాని ‘రెండేళ్ళు వస్తుంది’ అన్న లెక్కతో కొన్న బూటు ఈ విద్యలకు పనికిరాదు.

అంగడిలో మరొక సులభోపాయం ఉంది. బూటులోపలి అట్టను బయటికి తీసి నేలపై పెట్టి దానిపై నిలబడాలి. పాదం అంచులు అట్టను దాటి బయటికి వస్తే ఎంత నచ్చిన బూటైనా వదిలివేయాలి. అట్ట ఊడిరాని బూటు చదునుపాదానికి మొదటి నుంచీ అనుకూలం కాదు, ఎందుకంటే అవసరమైతే లోపలి అట్ట మార్చుకొనే అవకాశం అందులో ఉండదు.

చేతిలో బూటు పట్టుకొని పరీక్షించవలసినవి మరికొన్ని. మడమను వెనుక నుంచి పట్టి ఉంచే భాగం బొటనవేలితో నొక్కితే అణగకూడదు. చదునుపాదానికి కమాను కింది మెత్త కన్నా ఈ గట్టిదనమే ఎక్కువ ఆసరా. బూటు వేళ్ళ మొదళ్ళ వద్ద వంగాలి, నడుమ విరగకూడదు. రెండు కొసలు పట్టుకొని తువ్వాలులా పిండితే పూర్తిగా మెలిపడే బూటును పక్కన పెట్టాలి. ముందు భాగం కోసుగా కాక వేళ్ళు విచ్చుకొనేంత గుండ్రంగా ఉండాలి. పైభాగానికి వాడిన పదార్థం కూడా ముఖ్యం. మెత్తని తోలు కొన్ని వారాలకు పాదం ఆకృతిని సంతరించుకుంటుంది, వల అల్లిక కొంత సాగుతుంది, రెక్సిన్ వంటి కృత్రిమ పదార్థం సాగదు. ‘వేసుకోగా వేసుకోగా వదులవుతుంది’ అన్న మాట తోలుకు వర్తిస్తుంది, రెక్సిన్‌కు కాదు. లేసు లేని సాగుడు పట్టీల బూట్ల కన్నా లేసులవే మేలు. పాదం వెడల్పైన చోట ఒక జత రంధ్రాలను వదిలి పైనుంచి లేసు బిగించుకుంటే మడమ పట్టు చెడకుండా ముందు వదులు వస్తుంది.

అంగడిలోనే లేచి నిలబడి, ఒంటికాలిపై ఆగి, మునివేళ్ళపై లేచి, నిలిచిన పాదాన్ని తిప్పి చూడాలి. కూర్చొని తొడిగి చూడటం ఈ బూట్ల విషయంలో పరీక్ష అనిపించుకోదు.

కమాను మెత్తల గురించి

చదునుపాదం అనగానే ఎత్తైన కమాను మెత్త చేతిలో పెట్టే విక్రేతలు ఉన్నారు. మెత్త ఎత్తు ఎక్కువైతే మెతకపాదం దానిపై ఒత్తుకొని నొప్పి పుడుతుంది. పైగా అది బూటులోని స్థలాన్ని తినివేసి, అసలే వెడల్పైన పాదాన్ని మరింత ఇరికిస్తుంది. మెత్తలు పాదం ఆకృతిని మార్చగలవా అన్న ప్రశ్నకు సమాధానం చాలా కాలం క్రితమే వచ్చింది. అమెరికా ఎముకల వైద్యుడు డెన్నిస్ వెంగర్ బృందం మెతక చదునుపాదాలున్న పిల్లలకు మూడేళ్ళ పాటు ప్రత్యేక బూట్లు, మెత్తలు వాడించి, వాడనివారితో పోల్చి 1989లో ఫలితాలు ప్రకటించింది. కమాను ఏర్పడటంలో వారి మధ్య తేడా కనబడలేదు. నొప్పి ఉన్నవారికి తగిన మెత్త ఉపశమనం ఇవ్వవచ్చు. అది వైద్యుడో ఫిజియోథెరపిస్టో చూసి చెప్పవలసిన విషయం. నొప్పి లేని పాదానికి సరిదిద్దే మెత్తపై డబ్బు ఖర్చు చేయనక్కరలేదు.

పాదాన్ని బలపరచే సాధన మాత్రం ఖర్చులేనిది. వేళ్ళను ముడవకుండా అరికాలిని దగ్గరకు లాగి కమానును పైకెత్తి కొన్ని క్షణాలు నిలపడం, మెట్టు అంచున మడమలను పైకెత్తి దించడం, చాపపై వట్టికాళ్ళతో ఒంటికాలి నిలకడ వంటివి పాదపు చిన్న కండరాలకు పనిచెబుతాయి. డుమస్ తీరం ఇందుకు అనుకూలమే, కొన్ని జాగ్రత్తలతో. తడిసి గట్టిపడిన ఇసుకపై మొదట పది నిమిషాలు చాలు. మెత్తని ఇసుకలో పిక్కలకూ మడమ వెనుక స్నాయువుకూ శ్రమ అధికం. ఒడ్డు ఏటవాలుగా ఉన్నచోట ఒకే దిశలో పరుగెత్తితే ఒక పాదం ఎప్పుడూ పల్లంలో ఉంటుంది, కనుక వెళ్ళిన దూరం అదే అంచున తిరిగి రావాలి. నల్లని ఇసుక ఎండను త్వరగా గ్రహిస్తుంది, వేసవి మధ్యాహ్నం వట్టికాళ్ళతో దిగరాదు. శిక్షణ బూట్లను మాత్రం ఇక్కడికి తేవద్దు. ఉప్పునీరు సోలు జిగురును వదిలిస్తుంది, ఇసుక రేణువులు తరువాత శిక్షణశాల చాపను గీస్తాయి.

వైద్యపరీక్షలో చూసేదేమిటి?

సైన్య నియామకాల వైద్యపరీక్షలో పాదాలను వట్టికాళ్ళతోనే చూస్తారు. ఎంత మంచి బూటైనా, మెత్తైనా అక్కడ పనిచేయదు. అయితే అభ్యర్థులలో చాలామందికి తెలియని విషయమొకటి ఉంది. సాయుధ దళాల వైద్య ప్రమాణాల ప్రకారం పాదం చదునుగా కనిపించినంత మాత్రాన అనర్హత కాదు. మునివేళ్ళపై నిలబడినప్పుడు కమాను తిరిగి ఏర్పడుతూ, అభ్యర్థి వేళ్ళపై చక్కగా గెంతగలిగి, పరుగెత్తగలిగి, పాదాలు మెతకగా, చలనశీలంగా, నొప్పి లేకుండా ఉంటే ఆమోదించవచ్చు. బిగుసుపాదం సంగతి వేరు. తెలుగు రాష్ట్రాల పోలీసు నియామక ప్రకటనలలో చదునుపాదాన్ని శారీరక లోపాల జాబితాలో చేర్చడం రివాజు. కనుక ఏ ఉద్యోగానికి సిద్ధమవుతున్నారో ఆ ప్రకటనను పూర్తిగా చదివి, శిక్షణకు ఏళ్ళు వెచ్చించడానికి ముందే ఎముకల వైద్యునిచే పాదం మెతకదో బిగుసుదో తేల్చుకోవడం అవసరం. సీసాపై అరికాలిని దొర్లించడం, తాడుపై నిలబడటం వంటి చిట్కాలతో పరీక్ష నాటికి కమాను తెప్పిస్తామనే మాటలను నమ్మి నొప్పి కొనితెచ్చుకోవద్దు. మునివేళ్ళపై లేచే సాధన ఒక్కటే ఆ పరీక్షకూ, శిక్షణకూ ఏకకాలంలో పనికివచ్చేది.

పిల్లల పాదాన్ని మూడు నాలుగు నెలలకొకసారి తిరిగి కొలవాలి. కేంద్రీయ తోళ్ళ పరిశోధన సంస్థ సర్వే ప్రకారం బాలికలలో పాదం పెరుగుదల సుమారు 11 ఏళ్ళకు, బాలురలో 15, 16 ఏళ్ళకు తారస్థాయికి చేరుతుంది. ఆ వయసు దాటేదాకా ఖరీదైన జత కన్నా, కొలతకు సరిపోయిన సాధారణ జతను తరచుగా మార్చుకోవడం లాభం.